గీత ముందు ఆగిపోయిన మనిషి

మా పక్కవాటాలో కట్టుడు పళ్ళ సెట్లు చేసే మేస్త్రి పరుగు మానేసి ఈతకు ఎందుకు వెళ్ళాడన్న దాని మీద మా మేడలో మూడు కథలున్నాయి. మోకాళ్ళు అరిగిపోయాయని ఒకటి. గుండె డాక్టరు వద్దన్నాడని ఒకటి. ఈ రెండూ మేలు రకం. మూడోది పై అంతస్తు కుట్టుమిషనావిడ పుట్టించింది. చేతికి తాడు కట్టుకుని తనతో పరిగెత్తే చూపులేని మనిషిని మేస్త్రి ఒకనాడు గుంతలో పడేశాడట, ఆ సిగ్గుతో పరుగు మానేశాడట.

"మొహం దాచుకోవడానికి నీళ్ళకంటే మంచి చోటేముంది వదినా" అంది నాతో, గుడ్డ కత్తిరిస్తూ.

"నువ్వు చూశావా పడెయ్యడం?"

"నేను చూడలేదనుకో. నిప్పు లేనిదే పొగొస్తుందా?"

"నీ ఇంట్లో నిప్పు లేకపోయినా వస్తుందమ్మా" అని వచ్చేశాను.

నాకు నోట్లో నువ్వుగింజ నానదని వీధిలో పేరు. అది నిజమే. కానీ లేని గింజను తెచ్చి నానబెట్టే అలవాటు నాకు లేదు. జరిగింది నేను కళ్ళారా చూశాను, చూడని చోట వెళ్ళి అడిగాను. అందుకని ఇదంతా రాస్తున్నాను.

మా వంటింటికీ మేస్త్రి వెనక గదికీ మధ్య ఒకటే గోడ. వెనక గది అతని ఇల్లు, ముందు గది పని చేసుకునే చోటు. కిటికీ కింద పొడుగాటి బల్ల, దాని మీద చిన్న గ్యాసు మంట, గులాబీ రంగు మైనం పలకలు, దవడలాగా మూసి తెరిచే ఇనుప చట్రాలు. గోడ అలమరలో సుద్దతో పోసిన అచ్చులు వరసగా ఉంటాయి, ఒక్కొక్కదాని మీద పెన్సిలుతో ఒక పేరు. డాక్టర్లు కొలత తీసి పంపిస్తారు, ఇతను పళ్ళు పేర్చి పంపిస్తాడు. పెట్టుకునే వాళ్ళ మొహాలు చూడడు. ఫలానా ఆయన పోయాడట అని చెబితే కాసేపు ఆలోచించి, "మనిషి తెలీదు పిన్నిగారూ. కింద దవడ తెలుసు" అంటాడు.

యాభై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయి తొమ్మిదేళ్ళయింది. వేరే ఊళ్ళో ఒక అక్క ఉంది, ఆదివారం పూట ఫోను చేస్తుంది. ఆ మాటలు నాలుగు నిమిషాలు దాటవు. నువ్వెలా లెక్కపెట్టావు అంటారేమో, గోడ పల్చన, నేనేం చేయను.

నా కింద సెట్టు అతను చేసిందే. అమిరినట్టు అమిరింది, వంక పెట్టడానికి లేదు. కానీ ఏదైనా ఆరా తీయాలనిపిస్తే ఒరుసుకుంటోందని చెప్పి వెళ్ళేదాన్ని. అతను సెట్టు అందుకుని, ఆకురాయి దానికి తగలకుండా గాల్లో రెండుసార్లు ఆడించి, కడిగి ఇచ్చేవాడు. "ఇప్పుడెలా ఉంది?" "బ్రహ్మాండం." ఇద్దరికీ సంగతి తెలుసు. సెట్టు అతని చేతిలో ఉన్నంతసేపూ నేను ప్రశ్నలు వెయ్యలేకపోయేదాన్ని, అదొక్కటే చిక్కు.

ఇలాంటి మనిషి పదకొండేళ్ళు పెద్దాస్పత్రి టెలిఫోన్ ఆపరేటరుతో కలిసి పరిగెత్తాడు. ఆపరేటరుకు పుట్టుకతోనే చూపు లేదు. మేస్త్రికంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. ఇద్దరివీ నలభై రెండు కిలోమీటర్ల పందేలు. మేస్త్రి ఎడమ మణికట్టుకూ ఆపరేటరు కుడి మణికట్టుకూ మధ్య జానెడు తాడు ఉండేది. దానికి కచ్చితమైన నియమాలున్నాయి. తోడు పరిగెత్తేవాడు లాగకూడదు, తొయ్యకూడదు. చివరి గీత దగ్గర చూపులేని మనిషే ముందు దాటాలి, తోడువాడు ఒక అడుగు వెనక ఉండాలి. ఫలితాల కాగితంలో పడే పేరు కూడా ఒకటే. అలా ముప్ఫై నాలుగు పందేలు పరిగెత్తిన మా మేస్త్రి పేరు ఏ కాగితంలోనూ లేదు.

అతనికి దానితో పని లేదని అప్పట్లో నేను అనుకునేదాన్ని. ఎందుకంటే, పది ప్రశ్నలకు ఒక జవాబిచ్చే ఈ మనిషి, తాడు కట్టగానే రేడియో అయిపోయేవాడు. తెల్లవారి అయిదున్నరకు మా గుమ్మం ముందు నుంచి వెళ్ళేవాళ్ళు. మలుపు తిరగకముందే గొంతు వినపడేది.

"గుంత, కుడికి జరుగు. ఇప్పుడు మెట్టు. పేపర్ల సైకిలాయన కొత్త టోపీ పెట్టాడు, చెవుల దాకా దిగింది. ఇదిగో మా పిన్నిగారు, గుమ్మంలో ఉన్నారు, ఇంకా పళ్ళు పెట్టుకోలేదు."

ఆపరేటరు నా వైపు మొహం తిప్పేవాడు. "నమస్తే పిన్నిగారూ! పెట్టుకోకపోయినా బాగున్నారట!"

"ఎవడు నాయనా చెప్పింది?"

"మీ మేస్త్రే!"

"నేనలా అన్లేదు" అని మేస్త్రి దూరం నుంచి. ఇద్దరూ నవ్వుకుంటూ మలుపు తిరిగేవాళ్ళు. ఆ నవ్వు వినడానికే నేను అయిదింటికి లేచేదాన్నంటే ఎవరూ నమ్మరు.

మూడేళ్ళ క్రితం ఒక పొద్దున తాడుకు అటు ఆపరేటరున్నాడు, ఇటు మరొకరున్నారు. పొడుగ్గా, పాతికేళ్ళుంటాయేమో, కాలేజీలో ఆటలు నేర్పే పంతులట. ఇద్దరూ గాలిలా పోయారు, ఒక్క మాట వినపడలేదు. గంట తరవాత మేస్త్రి వచ్చాడు, ఒక్కడే.

ఎడమ చెయ్యి ఒంటికి ఎడంగా పెట్టి పరిగెత్తుతున్నాడు, చంకలో బిందె ఉన్నట్టు. మలుపు దగ్గర పక్కన ఇంకో మనిషికి చోటు వదిలి, దూరంగా చుట్టి తిరిగాడు. "గుంత, కుడికి" అని పైకి అన్నాడు. అని, నోరు మూసుకున్నాడు. బడికి వెళ్ళే పిల్లలు అది కనిపెట్టారు. వారం తిరక్కుండా అతను వస్తుంటే "గుంత! మెట్టు!" అని కేకలు మొదలుపెట్టారు. నేను చీపురు పట్టుకుని బయటికి వస్తే ఆగేవాళ్ళు, లోపలికి వెళ్తే మళ్ళీ మొదలు.

కుట్టుమిషనావిడ కథకు ఇదే పునాది. తాడు తెగిందంటే ఎవరో పడేసి ఉండాలి కదా మరి.

ఆ చలికాలం జరిగిన పెద్ద పందెం మా వెనక మైదానంలో ముగిసింది. నేను కుర్చీ వేసుకుని తాళ్ళ పక్కన కూర్చున్నాను. మేస్త్రి తన పేరు ఇచ్చి పరిగెత్తిన మొదటి పందెం అది. ముందు రోజు సెట్టు ఒరుసుకుంటోందని వెళ్ళి కనుక్కున్నాను: నాలుగు గంటల లోపు వచ్చినవాళ్ళ పేర్లు అచ్చువేసి గోడకు పెడతారట. "ఒక్కసారి పేరు చూసుకోవాలనుంది పిన్నిగారూ" అన్నాడు, మైనం మీంచి తల ఎత్తకుండా. అతను తనకు కావాలని ఒక వస్తువు పేరు చెప్పడం నేను వినడం అదే మొదలు.

మైదానం గేటులోంచి లోపలికి వచ్చేటప్పటికి పెద్ద గడియారం మూడు గంటల యాభై తొమ్మిది నిమిషాలు చూపిస్తోంది. ఉప్పు కట్టిన మొహం, ఎండిన పెదాలు. జనం చప్పట్లు కొడుతున్నారు. నేనూ లేచి నిలబడ్డాను. పది అడుగులు, అయిదు, రెండు.

గీత ముందు ఆగిపోయాడు.

అర అడుగు కుడికి జరిగి, ఎడమ చెయ్యి ముందుకు చాపి, తల వంచి నిలబడ్డాడు, పెద్దవాళ్ళు ముందు లోపలికి వెళ్ళాలని గుమ్మం దగ్గర ఆగేవాళ్ళలాగా. అతని పక్కన ఎవరూ లేరు. వెనక వచ్చేవాళ్ళు భుజాలు రాసుకుంటూ దాటిపోతున్నారు. "దాటవయ్యా! గీత దాటు!" అని నేను గొంతు చించుకున్నాను. వినపడలేదు. చాపిన చేతిని చూసుకుంటున్నాడు. ఎంతసేపంటే చెప్పలేను, గడియారంలో నాలుగు కనపడింది, దాని పక్కన సున్నాలు కదలడం మొదలయ్యింది. అప్పుడు దాటాడు.

పతకాలు వేసే అమ్మాయి నవ్వుతూ మెడలో వేసింది. నాలుగడుగులు వేశాక తీసి జేబులో పెట్టుకున్నాడు. నన్ను చూసి, చూడనట్టు వెళ్ళిపోయాడు. మర్నాడు అయిదున్నరకు వీధిలో పరుగు చప్పుడు లేదు. ఆ తరవాత మళ్ళీ వినలేదు.

రెండు నెలలయ్యాక వెనక గదిలో తీగ మీద తడి తువ్వాలు కనిపించింది. ఆరా తీస్తే ఊరి ఈత కొలనులో చేరాడని తేలింది. యాభై ఏళ్ళ మనిషి, ఆరేళ్ళ పిల్లలతో కలిసి గట్టు పట్టుకుని కాళ్ళు ఆడిస్తున్నాడు. నేను నడక పేరు పెట్టుకుని వెళ్ళి, తల్లుల మధ్య బల్ల మీద కూర్చుని చూశాను. పిల్లలు మొదటి వారం నవ్వారు, రెండో వారం అలవాటు పడ్డారు, మూడో వారం వాళ్ళలో ఒకత్తి అతనికి తేలడం ఎలాగో నేర్పింది. ఎవరితోనూ ఏమీ మాట్లాడేవాడు కాదు. వచ్చేవాడు, ఈదేవాడు, తుడుచుకుని వెళ్ళేవాడు.

ఏడాదికల్లా కొలను అటూ ఇటూ ఎనభైసార్లు ఆగకుండా ఈదుతున్నాడు. నేర్పే అమ్మాయికి మాత్రం ఒక బెంగ పట్టుకుంది.

"అంకుల్, ఊపిరికి ఎడమవైపే మొహం తిప్పుతున్నారు. అందుకే ఎడమకి కొట్టుకుపోతున్నారు. కుడివైపు కూడా తిప్పండి."

"సరేనమ్మా" అంటాడు. రెండు బారలు కుడికి తిప్పుతాడు, మూడోది మళ్ళీ ఎడమకి.

"అమ్మమ్మా, మీరైనా చెప్పండి. ఎడమవైపు ఏముందని అలా చూస్తారు?"

నాకు తెలుసు ఏముండేదో. ఆరోజు నువ్వుగింజ నానింది.

మా ఊరి చెరువులో ఏటా ఒక పందెం ఉంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఆరు కిలోమీటర్లు, మూడు గంటలు గడువు. ఆ చివర నీళ్ళ మీద వేలాడే చెక్కను చేత్తో తాకాలి. దారి పొడుగునా నారింజ రంగు బుడగలు తేలుతుంటాయి, వాటిని దాటి పక్కకు పోతే పైకి తీసేస్తారు. ఈదేవాడికి ముందు ఏముందో కనపడదు కనుక ఒక్కొక్కరికీ ఒక పడవ, అందులో పడవవాడు కాక ఈల పట్టుకుని చూసే మనిషి ఒకరు ఉండాలి. మామూలుగా ఎవరి ఇంటివాళ్ళు వాళ్ళకు కూర్చుంటారు. భార్య, తమ్ముడు, కూతురు.

పోయినేడు మేస్త్రి దరఖాస్తులో ఆ చూసే మనిషి పేరు రాసే గడి ఖాళీగా వదిలి ఇచ్చాడు. వాళ్ళు ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన్ను కూర్చోబెట్టారు. నాలుగో కిలోమీటరులో ఎడమకు కొట్టుకుపోయి బుడగలు దాటాడు. ఆయన ఈల ఊదలేదు, ఫోను చూసుకుంటున్నాడట. మేస్త్రిని పైకి లాగి తెచ్చారు. గోడకు పెట్టిన కాగితంలో అతని పేరు పడింది. దాని పక్కన సమయానికి బదులు ఒక అడ్డగీత ఉంది. ఆ కాగితం ముందు అతను నిలబడటం నేను చూశాను. నాకే కళ్ళు దించుకోవాలనిపించింది.

ఈ ఏడు మళ్ళీ దరఖాస్తు తెచ్చాడు. సెట్టు పట్టుకుని వెళ్ళినప్పుడు బల్ల మీద కనిపించింది. చూసే మనిషి అన్న గడి మళ్ళీ ఖాళీ.

మర్నాడే బస్సెక్కి పెద్దాస్పత్రికి వెళ్ళాను. ఆపరేటరు కింద అంతస్తులో అద్దాల గదిలో కూర్చుంటాడు. గొంతు వినగానే పట్టేశాడు.

"పిన్నిగారూ! ఇవాళ పెట్టుకున్నారే, మాట స్పష్టంగా ఉంది! ఒక్క నిమిషం... ఎముకల విభాగమా, కలుపుతున్నాను. చెప్పండి."

"నిన్ను మేస్త్రి గుంతలో పడేశాడా?"

"నన్నా?" అని పెద్దగా నవ్వాడు. "పదకొండేళ్ళలో ఒక్కసారి కాలు మడతపడింది. అదీ ఆయనకు తుమ్మొచ్చి 'గుం' అని ఆగిపోతే." మళ్ళీ ఫోను మోగింది, కలిపాడు. ఈసారి నవ్వలేదు. "ఆఖరి ఏడాది తాడు బిగిసేది పిన్నిగారూ. ఆయన వెనకపడుతున్నాడు. నేను వేగం తగ్గించుకునేవాణ్ణి. మూడు గంటల లోపు వస్తే దేశం తరఫున పంపిస్తారు, నాకు వస్తుంది, తెలుసు. కానీ ఆయన కబుర్లు వదులుకోవాలనిపించలేదు. ఒకరోజు ఆయన వచ్చి తాడు విప్పి ఇంకొకరి చేతికి కట్టేసి వెళ్ళిపోయాడు. పార్సెలు అప్పగించినట్టు. సంతకం కూడా అడగలేదు."

"వెళ్ళొచ్చావుగా మరి, దేశం తరఫున."

"వెళ్ళొచ్చాను. ఇతనూ మంచివాడే. గుంత అంటాడు, మెట్టు అంటాడు, అంతే. మీ గుమ్మం దాటేటప్పుడు మీరున్నారో లేదో ఇప్పుడు నాకు తెలియడం లేదు."

"ఫోను చెయ్యచ్చుగా నాయనా, నీ పనే అది."

"చేస్తాను. బాగున్నారా అంటాను, బాగున్నాను అంటాడు. తరవాత ఇద్దరం ఊరుకుంటాం. రోజుకు మూడొందల మందితో మాట్లాడతాను, ఆయనతోనే మాట దొరకదు."

ఇంటికి రాగానే, సెట్టు సాకు కూడా లేకుండా మేస్త్రి గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. అతను వేడి కత్తితో మైనం గీస్తున్నాడు. ఆపలేదు.

"తెలుసు పిన్నిగారూ."

"ఏం తెలుసు?"

"తాడు బిగిసి, వెంటనే వదులయ్యేది. నా కోసం తగ్గుతున్నాడని తెలుస్తుందిగా. ఇంకో రెండేళ్ళు అలా తగ్గితే అతని వయసు దాటిపోయేది."

"మరి ఆ ముక్క అతనితో అనచ్చుగా?"

"అంటే ఒప్పుకోడు."

ఇద్దరికీ తెలిసిన సంగతిని మోసుకుని నేను ఊరంతా తిరిగొచ్చానన్న మాట. ఒళ్ళు మండింది. బల్ల మీది పెన్సిలు తీసి, దరఖాస్తులో ఆ ఖాళీ గడిలో నా పేరు రాసేశాను. నా అక్షరాలు పెద్దవి, సగం పక్క గడిలోకి పోయాయి.

"మీకు ఈత రాదు కదా!"

"నాకు కుట్టడం కూడా రాదు. రవికె బిగుతైందో లేదో చెప్పలేనా?"

పందెం రోజున నన్ను పడవలోకి దించడానికి ముగ్గురు కావలసి వచ్చింది. పడవవాడు నన్ను పైనుంచి కిందికి చూసి, "పెద్దమ్మా, కదలకుండా కూర్చుంటావా?" అన్నాడు.

"నోరు కదపచ్చా?"

"నోటి వల్ల పడవ మునగదులే."

మునగలేదు గానీ, మొదటిసారి ఈల గట్టిగా ఊదితే కింద సెట్టు లేచింది. తీసి సంచిలో వేసుకున్నాను. పడవవాడు అవతలి వైపు చూస్తూ నవ్వు దాచుకున్నాడు.

రెండు కిలోమీటర్లు బాగానే వచ్చాం. మా పడవ అతనికి కుడివైపున ఉంది, అందరి పడవలూ అటే. తరవాత అతను ఎడమకు పోవడం మొదలుపెట్టాడు. ఈల ఊదితే సర్దుకుంటాడు, పాతిక బారలకు మళ్ళీ ఎడమకే. బుడగలు దగ్గరికొస్తున్నాయి. అటు తిరిగి ఊపిరి పీల్చినప్పుడల్లా అతని మొహం ఖాళీ నీళ్ళ వైపే ఉంటోంది, నాకు తల వెనక భాగమే కనపడుతోంది. అప్పుడు తట్టింది నాకు.

"పడవ అటు తిప్పు. ఎడమ పక్కకి."

"అటు పోకూడదని లేదు గానీ, ఎవరూ పోరు పెద్దమ్మా."

"పోనివ్వవయ్యా!"

తిప్పాడు. మరుసటి ఊపిరికి మేస్త్రి మొహం తిప్పితే నేనున్నాను, పళ్ళు లేకుండా. ఒక బార తప్పాడు. ఆ తరవాత పడవకూ అతనికీ మధ్య దూరం పెరగలేదు, తరగలేదు. జానెడు కాదు, రెండు బారలు. కానీ గీత గీసినట్టు అంతే. పడవవాడు తిన్నగా పోతే అతనూ తిన్నగా వచ్చాడు. ఈలతో పని పడలేదు. నాలుగో కిలోమీటరు దాటాం, అయిదు దాటాం. గాలి లేచింది, నీళ్ళు మొహాన కొడుతున్నాయి. నేను ఏవేవో చెబుతూనే ఉన్నాను, గట్టు మీద జనం ఎంతున్నారో, ముందు పోయేవాడి టోపీ ఏ రంగో. వినపడదని పడవవాడు చెప్పాడు. నాకూ తెలుసు.

చెక్కను తాకేటప్పటికి గడియారంలో రెండు గంటల యాభై మూడు నిమిషాలు. అరచేత్తో తట్టి, ఆ చేతిని అలాగే చెక్కకు ఆనించి ఉంచుకున్నాడు, ఒడ్డున ఉన్నవాళ్ళు చాలు చాలు అనేదాకా.

గట్టు మీద ఎవరివాళ్ళు వాళ్ళను తువ్వాళ్ళలో చుడుతున్నారు, ఫొటోలు తీస్తున్నారు, పిల్లలు మెడలకు వేలాడుతున్నారు. మేస్త్రి నీళ్ళోడుతూ పక్కగా నిలబడ్డాడు. తువ్వాలు అవతలి గట్టున ఉండిపోయింది, తెచ్చేవాళ్ళు లేరు. నా శాలువా కప్పి రాతి మీద కూర్చోబెట్టాను. దవడ వణుకుతోంది. పేరు పడుతుంది, పక్కన సమయం కూడా పడుతుందని చెప్పాను. తలూపాడు. సంతోషించాడనే అనుకుంటాను. అతని మొహంలో అది కనిపెట్టడం కష్టం.

మూడేళ్ళుగా అందర్నీ అడిగాను, అతన్ని అడగలేదు. ఎందుకు అడగలేదో నాకే తెలీదు. సెట్టు పెట్టుకుని, కుండ బద్దలుకొట్టినట్టు అడిగేశాను.

"మేస్త్రీ, నీ మోకాళ్ళు బాగున్నాయి. గుండె బాగుంది. నువ్వెవర్నీ పడెయ్యలేదు. మనిషన్నాక ఒకసారి గీత ముందు ఆగుతాడు, రెండోసారి దాటుతాడు. ఒక్కడివే పరిగెత్తచ్చుగా. ఎందుకు మానేశావు?"

తల ఒక పక్కకు వంచి చెవిలో నీళ్ళు దులుపుకున్నాడు.

"పరిగెత్తేటప్పుడు ఊపిరి కొంచెం మిగులుతుంది పిన్నిగారూ. మిగిలితే మాట్లాడాలనిపిస్తుంది. ఈతలో ఏమీ మిగలదు."